జబ్బు డబ్బు

షేర్ల బజారు కూలిన రోజున ఆ పోల్ జనం ముందు టీవీ చూసేవాళ్ళు, తరవాత ఛబిల్‌దాస్ మొహం చూసేవాళ్ళు. అహమదాబాదు పాత ఊళ్ళో, ఒకే పెద్ద గుమ్మం లోపల ముప్పై నలభై ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడ్డ సందు అది. గోడలు ఉమ్మడివి, కబుర్లు ఉమ్మడివి, భయాలు కూడా ఉమ్మడివే. పావుకిలో వంకాయలకి పది నిమిషాలు బేరమాడే ఇల్లాలి పేర కూడా అక్కడ ఏదో ఒక కంపెనీ షేర్లు నాలుగుండేవి. అందుకని బజారు పడిందంటే ఆ సందులో పొయ్యి మీది పప్పు మాడిపోయేది.

ఛబిల్‌దాస్ మాత్రం తన ఇంటి అరుగు మీద కూర్చుని, ఎదుటి స్తంభం మీది గూళ్ళలో చేరిన పావురాలకి జొన్నలు చల్లుతూ ఉండేవాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

"కాకా, మునిగిపోయాం కాకా!" అంటూ ఎదురింటి కీర్తి పరుగెత్తుకొచ్చేవాడు.

"ఇవాళ ఏమైనా అమ్మావా?"

"లేదు."

"అమ్మి తీరాల్సిన పని ఏమైనా ఉందా?"

"లేదు గానీ..."

"మరి ఎక్కడ మునిగావురా? మీ అమ్మ ఏడాది గోధుమలకి ఆముదం రాసి డబ్బాలో పోశాక రోజూ మూత తీసి చూస్తుందా? రోజూ తీస్తే పురుగే పడుతుంది. పో, ఇంటికి పోయి ఇంత కఢీ తాగు."

లోపల పెనం మీద కరకరలాడే ఖాఖ్రా రొట్టెని గుడ్డతో అదుముతూ ముక్తాబెన్ నవ్వుకునేది. పెళ్ళయిన కొత్తలో మొగుడు నోరు తెరిస్తే వినసొంపుగా ఉండేది, ఇప్పుడు వినకపోయినా ఏం చెబుతాడో తెలుసు. అయినా ఆమెకి ఆ మాటల మీద గురి. ఊళ్ళో తెలివైనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, తన మొగుడు స్థిమితమైనవాడు. రెండింటికీ తేడా ఆ బజారు చాలాసార్లు చూపించింది.

ఆ స్థిమితం ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. యవ్వనంలో ఆయన ఒక బట్టల మిల్లులో తానులు మడతపెట్టే విభాగంలో పని చేశాడు. మిల్లు అంటే తల్లి అనుకునే రోజులవి. ఒక పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం. మూడు వేలమంది ఆ గేటు ముందు నిలబడ్డారు, కొందరు ఏళ్ళ తరబడి నిలబడుతూనే ఉన్నారు. రావాల్సిన భవిష్యనిధి డబ్బు రాలేదు. అదే ఏడాది కూతురు పినల్ పుట్టింది. పుట్టగానే ఏడవని పిల్ల. మంత్రసాని వీపు మీద చరచగా చరచగా ఏడ్చింది గానీ, అప్పటికే ఏదో ఆలస్యమైపోయింది. పిల్ల నవ్వేది, తినేది, పాటకి తల ఊపేది. అక్షరం మాత్రం పట్టుబడలేదు. ఒళ్ళు పెరిగింది, బుద్ధి ఐదేళ్ళ దగ్గర ఆగిపోయింది.

"మనం ఉన్నన్నాళ్ళూ సరే" అంది ముక్తాబెన్ ఒకసారి, పిల్లకి జడ వేస్తూ. "తరవాత?"

జవాబు చెప్పడానికి ఛబిల్‌దాస్‌కి ఇంకో సంతానం లేదు, మిల్లు లేదు, పొలం లేదు. బట్టల బజారులో ఒక దుకాణంలో గజం బద్ద పట్టుకుని చీరలు, డ్రెస్సు గుడ్డలు కొలిచే ఉద్యోగం ఒక్కటే ఉంది. ఆ దీపావళికి మాత్రం ఆయన మాణెక్ చౌకులో ఇత్తడి గిన్నెల కొట్టు పైన ఉన్న నవీన్‌చంద్ర ఆఫీసుకి వెళ్ళి, పళ్ళపొడి చేసే కంపెనీ షేర్లు పది, కూతురి కోసమని కొన్నాడు.

దీపావళి సాయంత్రం బజారుని ఒక్క గంట తెరుస్తారు. అది లాభానికి కాదు, శకునానికి. దీపావళితో మొదలయ్యే వాళ్ళ కొత్త సంవత్సరంలో లక్ష్మి ఇంట్లో అడుగు పెట్టాలంటే ఆ గంటలో కొంచెమైనా కొనాలి. ఆ గంటలో కొన్నది ఇంటి దేవుడి గూట్లో పెట్టినట్టే, ముట్టుకోకూడదు. ఆ గంటలో అమ్మడం మహా అశుభం. ఒకడు అమ్మితేగా ఇంకొకడు కొనేది అంటారేమో. అమ్మేవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు, ఆ పోల్‌లో మాత్రం పుట్టలేదు.

ఏటా ఆ సాయంత్రం ముగ్గురూ కొత్త బట్టలు కట్టుకుని నవీన్‌చంద్ర ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు. కాగితాల కాలం పోయి కంప్యూటర్లు వచ్చాక ఛబిల్‌దాస్ ఒక ఆనవాయితీ పెట్టాడు. పినల్ నుదుట కుంకుమ పెట్టించి, ఆమె చూపుడువేలు పట్టుకుని చివరి మీట ఆమె చేతనే నొక్కించేవాడు. తెర మీద అంకె మారగానే "శాబాష్ నా లక్ష్మీ!" అని ఒక కోవా పేడా ఆమె నోట్లో పెట్టేవాడు. పినల్‌కి దీపావళి అంటే మతాబులు కాదు, ఆ మీట, ఆ పేడా. మీట నొక్కగానే నోరు తెరిచి, కళ్ళు మూసుకుని నిలబడేది. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు, ఛబిల్‌దాస్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆయన కొన్నవన్నీ ఇంట్లో వాడే సరుకుల కంపెనీలే. పళ్ళపొడి, సబ్బు, రంగులు, తలనొప్పి మాత్ర. "నాకు అర్థం కానిది నేను కొనను. నాకు అర్థమయ్యేవి నాలుగే" అనేవాడు. షేర్లన్నీ ముక్తాబెన్ పేరనే పెట్టాడు. పన్ను కోసమని బయట చెప్పేవాడు. ఇంట్లో మాత్రం "నేను పోతే నువ్వు సంతకాల కోసం ఆఫీసుల చుట్టూ తిరక్కూడదు" అనేవాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకునే మనిషి.

డబ్బుని ఆయన మూడు పాళ్ళు చేశాడు. నెల డబ్బు, జబ్బు డబ్బు, పినల్ డబ్బు. నెల డబ్బు వంటింటి డబ్బాలో. జబ్బు డబ్బు పోస్టాఫీసులో. పినల్ డబ్బు షేర్లలో. "ఈ ఏడాది కావాల్సింది, వచ్చే ఏడాది కావాల్సింది బజారులో పెట్టినవాడు ఎవడైనా సరే, వాడు పెట్టుబడిదారుడు కాదు, జూదగాడు. నాకు పినల్ డబ్బు ఇంకో ముప్పై ఏళ్ళ దాకా అక్కర్లేదు. అందుకే నాకు నిద్ర పడుతోంది" అని అరుగు మీద చెప్పేవాడు. జబ్బు డబ్బు ముట్టుకుంటే చెయ్యి కాలాలి అని ఆ వీధిలో పిల్లలకి కూడా నోటికొచ్చు.

ఈ సుద్దులు పడనివాడు ఒక్కడే, ముక్తాబెన్ తమ్ముడు దిల్‌సుఖ్. ప్లైవుడ్ దుకాణం. పొద్దున కొని సాయంత్రం అమ్మే రకం.

"బావా, మీరు షేర్లు కొనరు, దత్తత తీసుకుంటారు" అనేవాడు.

"నీలాగా రోజుకో పెళ్ళి చేసుకోవడం నావల్ల కాదులే" అనేవాడు ఈయన.

తొంభై రెండులో ఊరంతా పిచ్చెక్కి వంటపాత్రలు కుదువపెట్టి షేర్లు కొన్నప్పుడు ఛబిల్‌దాస్ తన వంతు మించి ఒక్కటీ కొనలేదు. తరవాత అంతా కూలి, జనం నెత్తి బాదుకున్నప్పుడు ఒక్కటీ అమ్మలేదు. భూకంపం వచ్చిన ఏడాది పోల్ ఇళ్ళ గోడలు పగిలాయి, బజారు కూడా పగిలింది. ఆయన గోడకి సున్నం వేయించాడు, షేర్ల జోలికి పోలేదు. దిల్‌సుఖ్ ఈలోగా రెండుసార్లు కారు కొన్నాడు, రెండుసార్లు అమ్మాడు.

రెండు వేల ఎనిమిదిలో మళ్ళీ పడింది. ఈసారి పడటం అలా ఇలా కాదు. ఎక్కడో అమెరికాలో పెద్ద బ్యాంకు మూతపడిందిట, ఇక్కడ దసరా నాటికి సబ్బు కంపెనీ సగమైంది, రంగుల కంపెనీ సగంలో సగమైంది. దిల్‌సుఖ్ దుకాణం తాకట్టు పెట్టాడు. కీర్తి రెండు రోజులు అన్నం మానేశాడు. జనం ఎప్పట్లాగే ఛబిల్‌దాస్ మొహం చూడటానికి అరుగు దగ్గరికి వచ్చారు. మొహం ఎప్పట్లాగే ఉంది. కాకపోతే, లోపల టీవీ మోగుతోంది. ఆ ఇంట్లో పగలు టీవీ మోగడం ముక్తాబెన్ ఎప్పుడూ ఎరగదు.

ఆయన కళ్ళల్లో ఏదో మెరుపు. పెళ్ళిచూపులనాడు కూడా ఆమె ఆ మెరుపు చూడలేదు.

"ముక్తా, ఇలా రా. ఈ రంగుల కంపెనీ ధర చూశావా? ఇంత మంచి కంపెనీని రోడ్డు మీద పోసి అమ్ముతున్నారు. ఇరవై ఏళ్ళకోసారి కూడా రాదు ఇలాంటి అదను."

"రాకపోతే పోనీండి. మన దగ్గర ఏముందని?"

"పోస్టాఫీసులో ఉందిగా."

ఆమె చేతిలో అప్పడాల కర్ర ఆగింది. "అది జబ్బు డబ్బు."

"ఇప్పుడు ఎవరికి జబ్బు? నాకా, నీకా? ఒక్క ఏడాది ముక్తా. బజారు లేవగానే రెండు లక్షలు తీసి మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. పై లాభం పినల్‌ది. ఇవాళ ఇది వదిలేస్తే, రేపు దాని ముసలితనంలో ఎవరో దయతలచి పెట్టే ముద్ద తినాలి అది."

పినల్ ముసలితనం అన్నాక ఆ ఇంట్లో ఇంక మాట లేదు. మర్నాడు ఇద్దరూ పోస్టాఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టారు. దీపావళి గంటలో పినల్ మీట నొక్కింది, పేడా తింది. ఈ సంగతి అరుగు మీద మాత్రం ఛబిల్‌దాస్ చెప్పలేదు. చెప్పేవి శ్రీరంగ నీతులు అని ఎవడైనా అంటాడని ఆయనకి తెలుసు. ఒకే ఒక్కసారి గీత దాటాడు. అది కూడా భయంతో కాదు, ఆశతో కూడా కాదు అని తనకి తాను చెప్పుకున్నాడు. అది ఆశే, నిక్షేపంలాంటి ఆశ. కాకపోతే కూతురి పేరు పెట్టుకుని వచ్చింది.

చలి మొదలయ్యాక ఆయన మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆ ఇళ్ళలో మెట్లు నిచ్చెనలా నిట్టనిలువు, పట్టుకోవడానికి పైనుంచి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. సగం ఎక్కి, తాడు పట్టుకుని, గోడ వంక చూస్తూ నిలబడేవాడు.

"ఏం చూస్తున్నారు?"

"చెద పట్టినట్టుంది."

చెద లేదు. ముక్తాబెన్ నాలుగోసారి అడగలేదు, ఆయన్ని లాక్కుని డాక్టర్ త్రివేదీ దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షలు చేశారు. గుండెకి వెళ్ళే మూడు నాళాలూ దాదాపు పూడిపోయాయన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, ఖర్చు రెండు లక్షల దాకా అవుతుంది.

"మాత్రలతో ఎన్నాళ్ళు నెట్టుకురావచ్చు డాక్టర్‌సాబ్?" అన్నాడు ఛబిల్‌దాస్.

"ఇది గుడ్డ బేరం కాదు ఛబిల్‌భాయ్. ఈ నెలలో చేయించుకోండి. మహా అయితే వచ్చే నెల."

"జూన్ దాకా? ఎన్నికలయ్యేదాకా?"

డాక్టరు ముక్తాబెన్ వైపు చూశాడు. ఆ చూపు ఆమె తరవాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుంది.

నాలుగు రోజులు పోయాక ఆమె పీట వేసుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "రేపు నవీన్‌భాయ్‌కి ఫోన్ చేసి ఆ రంగుల కంపెనీవి అమ్మెయ్యమని చెబుతున్నాను."

"రెండు లక్షలు పెట్టినవి ఇవాళ లక్షా ముప్పై. తెలుసా నీకు?"

"తెలీదు. తెలుసుకోను కూడా."

"లక్షా ముప్పైకి అమ్మితే డెబ్భై వేలు గాల్లో కలిసినట్టు. ఆపరేషన్‌కి మిగతాది ఎక్కడినుంచి? పినల్‌వి అమ్మాలి, అవి కూడా సగం ధరకి. అంటే దాని ముసలితనంలోంచి పదేళ్ళు కోసి నా గుండెకి అతుకు వెయ్యడం. ఎందుకు? ఆరు నెలలు ఆగలేక."

"నా గాజులున్నాయి."

"అవి కూడా దానివే."

"దిల్‌సుఖ్ ఇస్తానన్నాడు. దుకాణం తాకట్టులో ఉన్నా ఎలాగో తెస్తానన్నాడు."

ఛబిల్‌దాస్‌కి కోపం వచ్చింది. "ఇరవై ఏళ్ళు వాడికి నేను నీతులు చెప్పి, ఇవాళ వాడి ముందు చెయ్యి చాపనా? జబ్బు డబ్బేది బావా అని అడుగుతాడు. ఏం చెప్పను? పెద్దాసుపత్రిలో పేరు రాయించాను, జూన్‌లో వరస వస్తుంది, ఖర్చు పావు వంతు. ఈలోగా ఎన్నికలు కూడా అయిపోతాయి, బజారు లేస్తుంది. లేవకపోతే నన్నడుగు. నష్టానికి అమ్మేవాడు ఇంకోడికి బహుమతి ఇస్తున్నట్టు. నేనెవడికీ బహుమతులు ఇవ్వను."

"మీ ప్రాణం మీద కూడా ధర చూస్తారా?"

"ధర చూడక బతికిన రోజు నాకు ఒక్కటి చూపించు" అన్నాడాయన, కాస్త నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

గాలిపటాల పండగకి ఆయన మేడ ఎక్కలేదు, కింద అరుగు మీదే కూర్చుని తెగిన పటాలు లెక్కపెట్టాడు. ఆ తరవాత నెలకి నడక తగ్గింది. దుకాణంవాళ్ళు సెలవిచ్చారు. బజారు ఇంకా కిందికే పోయింది. ఛబిల్‌దాస్ రోజూ పొద్దున పేపరులో ధరల పేజీ తీసి, వేలితో రంగుల కంపెనీ వరస పట్టుకుని, చూసి, మడిచి పక్కన పెట్టేవాడు. రోజూ మూత తీస్తే పురుగు పడుతుందని చెప్పిన మనిషే రోజూ మూత తీస్తున్నాడు.

మార్చి నెల మొదట్లో ఒకరోజు ఆయన నిద్రలో ఉండగా ఆమె పినల్‌ని వెంటబెట్టుకుని నవీన్‌చంద్ర ఆఫీసుకి వెళ్ళింది. షేర్లు తన పేరనే ఉన్నాయి. ఒక్క సంతకం చాలు. ఎవరినీ అడగక్కర్లేదు.

తెర అంతా ఎర్రగా ఉంది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు మినహా ఎవరూ లేరు. పినల్ తిన్నగా వెళ్ళి మీట దగ్గర నిలబడింది.

"ఇవాళ కాదమ్మా, దీపావళికి" అన్నాడు నవీన్‌చంద్ర. తరవాత ముక్తాబెన్ చెప్పింది విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వదినా, ఇవాళా? ఇవాళ్టి ధర చూశారా? రెండు లక్షలు లక్షాపది దగ్గరుంది. ఇంతకంటే కిందికి ఇంకేం పోతుంది? ప్రాణం మీదికి ముంచుకొస్తే అమ్మకం నేనే ఆపను. నాలుగు వారాలు ఆగితే ఇరవై ముప్పై వేలు ఊరికే కలిసొస్తాయి. ఛబిల్‌భాయ్‌ని అడిగారా?"

"అడిగాను. వద్దన్నారు."

"మరి! మాకందరికీ ఓపిక నేర్పినాయన. ఆయన మాట కాదని నేను మీట నొక్కితే రేపు నా మొహం చూస్తాడా?"

ఆమె చేతిలో పెన్ను ఉంది. కాగితం ముందుంది. సంతకం పెట్టేదే. కానీ ఆ గడియలో ఆమెకి కనబడింది మొగుడి గుండె కాదు, పినల్. అరవై ఏళ్ళ పినల్, నెరిసిన జుట్టుతో, ఎవరింటి గుమ్మంలోనో, పళ్ళెం పట్టుకుని. ఆ చిత్రం ఇరవై ఏడేళ్ళుగా ఆయనే ఆమె కళ్ళ ముందు గీసి పెట్టాడు. పైగా ఆయన మాట ఎప్పుడూ తప్పు కాలేదు. తొంభై రెండులో కాలేదు, భూకంపం ఏడాది కాలేదు. ఈ నాలుగు వారాల్లో మాత్రం ఎందుకవుతుంది?

"నాలుగు వారాలేగా" అంది.

"అంతే వదినా."

పెన్ను బల్ల మీద పెట్టేసి వచ్చేసింది. దారిలో పినల్ పేడా అడిగింది. దీపావళికి అని చెప్పి ఊరుకోబెట్టింది.

వారం తిరక్కుండా, ఎండ ఇంకా ముదరని ఒక పొద్దున, ఛబిల్‌దాస్ అరుగు మీద గోడకి చేరబడి ఉన్నాడు. ముక్తాబెన్ లోపల టీ కాస్తోంది. బయట పినల్ పకపకా నవ్వుతోంది. ఏమిటా అంతగా అని ఆమె గ్లాసు తీసుకుని వచ్చింది. ఆయన చెయ్యి ఒళ్ళో తెరిచి ఉంది, అరచేతిలో జొన్నలున్నాయి. రెండు పావురాలు ఆయన మోకాలి మీద వాలి ఆ అరచేతిలోంచే తింటున్నాయి. ఎదురింటి కీర్తి కునుకు తీస్తున్నాడనుకుని పలకరించకుండా వెళ్ళిపోయాడట. పావురాలకి మాత్రం ఆ చెయ్యి ఇంక కదలదని ముందే తెలిసిపోయింది.

పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. ఎంత ఓపిక, ఎంత స్థిమితం, అలాంటి మనిషి మళ్ళీ పుట్టడు. తెల్ల దుప్పటి మీద కూర్చుని ముక్తాబెన్ తల ఊపింది. దిల్‌సుఖ్ ఒక్కడే ఆ మాట అనలేదు. "నేను తెస్తానన్నాను కదక్కా. నా కారణంగా ఆగాడా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మే నెలలో ఎన్నికల ఫలితాలు శనివారం వచ్చాయి. సోమవారం బజారు తెరిచారు, తెరిచిన నిమిషంలోనే ఆపేయాల్సి వచ్చింది. పడినందుకు కాదు, లేచినందుకు. అంత గబాల్న అంత ఎత్తుకి లేవడం ఎవరూ చూడలేదుట. పోల్ గుమ్మం దగ్గర టపాకాయలు పేల్చారు. ముక్తాబెన్ అప్పుడు నడవాలో గోధుమలకి ఆముదం రాస్తోంది. ఎప్పుడూ కొనే బస్తాల్లో సగమే కొన్నది ఆ ఏడాది, ఇద్దరికి అంతకంటే ఎందుకు?

కీర్తి పేడాల పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ముక్తా కాకీ! కాకా అన్నది అన్నట్టే అయింది! ఎన్నికలయ్యాక లేస్తుందన్నారా లేదా? రంగుల కంపెనీ..." అని గడప దగ్గర ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. బజారు మీద కాదు. దానికి కళ్ళూ చెవులూ లేవు, దాని మీద కోపం దేనికి? ఆ అరుగు మీద వచ్చింది. అక్కడ కూర్చుని ముప్పై ఏళ్ళు చెప్పిన మంచి మాటల మీద వచ్చింది. ఒక్కటి కూడా అబద్ధం కాని ఆ మాటల మీద. మూడు పాళ్ళు చేసిన మనిషి ఒక పాలు తీసి ఇంకోదాంట్లో కలిపాడు, కలుపుతుంటే తను పక్కన నిలబడి సంతకం పెట్టింది. తరవాత విడదీయడానికి పెన్ను చేతిలోకి తీసుకుని కూడా కింద పెట్టేసింది. ఆముదం చేతులు ఆమె కొంగుకి తుడుచుకుంది.

"ఆ పెట్టె తీసుకుపో కీర్తీ" అంది. "పినల్ చూస్తే అడుగుతుంది."

దీపావళి వచ్చింది. ఏడాది తిరగని ఇల్లు, దీపాలు పెట్టరు, మిఠాయి చెయ్యరు. సాయంత్రం అయ్యేసరికి ముక్తాబెన్ తెల్ల చీర మీద శాలువా కప్పుకుంది, పినల్‌కి శుభ్రమైన గౌను తొడిగింది. మాణెక్ చౌకులో జనం భుజాలు రాసుకుంటున్నారు. ఆమె నవీన్‌చంద్ర ఆఫీసు మెట్లెక్కి గుమ్మంలో నిలబడగానే లోపలి మాటలు ఆగిపోయాయి. కొత్త ఏడాది మొదటి గంటలో తెల్లచీర గడప దాటి రావడం ఎవరికి ఇష్టం? నవీన్‌చంద్ర భార్య కుంకుమ పళ్ళెం మెల్లగా పక్కగదిలోకి తీసుకుపోయింది.

"రండి వదినా" అన్నాడు నవీన్‌చంద్ర లేచి. "ఛబిల్‌భాయ్ పేర ఏదైనా మంచిది కొందాం. ఏం కొంటారు?"

"కొనడానికి కాదు. పోయిన దీపావళికి కొన్న రంగుల కంపెనీవి అమ్మాలి. అన్నీ."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇవాళ అమ్మకూడదు వదినా. మీకు తెలియనిదా? సోమవారం పొద్దున్నే నేనే అమ్మి డబ్బు పంపిస్తాను. మూడున్నర లక్షలు దాటింది, ఇంకా పెరుగుతుంది కూడా. రెండు రోజులు ఆగితే..."

"ఆగమని చెప్పకు నవీన్‌భాయ్."

ఆమె గట్టిగా అనలేదు. అయినా ఆయన తెల్లబోయిన మొహంతో కుర్చీలో కూర్చున్నాడు.

"పినల్‌వి ఏవీ ముట్టుకోకు" అంది ఆమె. "పళ్ళపొడి, సబ్బు, అవన్నీ ఉన్నచోటే ఉండాలి. దానికి అరవై వచ్చేదాకా ఉండాలి. అందులో ఆయన మాట ఆయనదే. ఇది మాత్రం జబ్బు డబ్బు. దీని చోటు ఇది కాదు. పోయినేడు ఇదే గంటలో కొన్నారు, ఇదే గంటలో అమ్ముతాను. అశుభం అంటావా, మా ఇంట్లో అది ముందే జరిగిపోయింది."

నవీన్‌చంద్ర కంపెనీ పేరు కొట్టాడు, అంకె కొట్టాడు. చివరి మీట మిగిలింది. ఆయన వేలు వెళ్ళేలోగా పినల్ ముందుకొచ్చింది. ఏడాదంతా దీపావళికి, దీపావళికి అని ఊరించిన మీట అది. ఎవరూ చెప్పకుండానే చూపుడువేలు చాచి నొక్కింది. తెర మీద అంకె మారింది.

పినల్ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. ముక్తాబెన్ సంచిలో చెయ్యి పెట్టింది. పోస్టాఫీసు పుస్తకం తెచ్చుకుంది, తాళాలు తెచ్చుకుంది, పేడా తేవడం మాత్రం మరిచిపోయింది. పినల్ కళ్ళు తెరవకుండా, నోరు మూయకుండా, నాన్న నిలబడే వైపుకి మొహం తిప్పి ఎదురుచూస్తూనే ఉంది.